హైడ్రాలిక్ లిఫ్ట్‌లో వెజిటబుల్ ఆయిల్: పోసే ముందు ఏం చూడాలి, పోశాక ఎలా కాపాడుకోవాలి

మీ భవనంలో హైడ్రాలిక్ లిఫ్ట్ ఉందా? అందులో మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి వచ్చేది) తీసేసి మొక్కల నూనెతో తయారైన ఆయిల్ పోయమని ఎవరైనా సలహా ఇచ్చారా? లేక ఇంతకు ముందు ఎవరో పోసి వెళ్లారు, ఇప్పుడు లిఫ్ట్ కుదుపుతోంది, మెషిన్ రూమ్‌లో అదో రకం వాసన వస్తోందా? రెండు సందర్భాలకూ పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. భవనం బాధ్యత చూసేవాళ్లు, మెయింటెనెన్స్ చేసే టెక్నీషియన్లు ఇద్దరూ చదువుతారు కాబట్టి కొన్ని చోట్ల తెలిసిన విషయమే మళ్లీ చెప్తున్నట్టు అనిపించవచ్చు. జాక్ (క్యాబిన్‌ను పైకి లేపే భాగం) విప్పడం, వాల్వ్ సర్దడం లాంటి పనులు అర్హత ఉన్న టెక్నీషియనే చేయాలి. కొలవడం, రాసిపెట్టడం, కళ్లతో చూసి పట్టుకోవడం ఎవరైనా చేయవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెజిటబుల్ ఆయిల్ చెడ్డదేమీ కాదు. లోహాల మధ్య జారుడు బాగా ఇస్తుంది, సులువుగా మంట అంటుకోదు, నేలలోకి కారితే మినరల్ ఆయిల్ కంటే చాలా త్వరగా విచ్ఛిన్నమవుతుంది. కానీ వేడిని, తడిని, గాలిని మినరల్ ఆయిల్ తట్టుకున్నంతగా ఇది తట్టుకోలేదు. మన లిఫ్ట్‌లో ఆ మూడూ ఎంతెంత ఉన్నాయో కొలవకుండా ఆయిల్ మార్చేస్తారు. ఇబ్బందులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

1. ట్యాంక్‌లో ఉన్నది ఏ ఆయిలో తేల్చుకోండి

వెజిటబుల్ ఆయిల్ అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సరుకులు తిరుగుతుంటాయి.

మొదటిది మామూలు వంటనూనె. దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ లిఫ్ట్‌లో పోయకండి, "తాత్కాలికంగా లెవెల్ నింపుదాం" అని కూడా వద్దు. సోయా, పొద్దుతిరుగుడు నూనెల చిక్కదనం 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 30 నుంచి 40 సెంటీస్టోక్స్ ఉంటుంది. లిఫ్టుల్లో వాడే వీజీ 32, వీజీ 46 గ్రేడ్‌లు (ఆ అంకెలు చిక్కదనాన్నే చెప్తాయి) కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అందుకే పోసిన రోజు లిఫ్ట్ చక్కగా నడుస్తుంది, జనం అక్కడే మోసపోతారు. ఆక్సీకరణను అడ్డుకునే అడిటివ్‌లు గానీ, తుప్పునూ నురగనూ ఆపేవి గానీ వంటనూనెలో ఉండవు.

రెండోది హైడ్రాలిక్ పని కోసమే తయారుచేసిన మొక్కల నూనె ఆయిల్. పర్యావరణానికి తక్కువ హాని చేసే హైడ్రాలిక్ ఆయిల్స్‌ను వర్గీకరించే ఐఎస్ఓ 15380 ప్రమాణంలో దీన్ని హెచ్ఈటీజీ అంటారు. మూలం మొక్కల నూనే, కావలసిన అడిటివ్‌లు కలిపి ఉంటాయి. మూడోది హెచ్ఈఈఎస్, అంటే సింథటిక్ ఎస్టర్. దీని ముడిసరుకు కూడా తరచుగా మొక్కల నుంచే వస్తుంది, కానీ రసాయనికంగా మార్చి గట్టిపరుస్తారు. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ "బయో ఆయిల్" అనేస్తారు. ఒకదాని ఆయుష్షుకూ ఇంకోదాని ఆయుష్షుకూ పొంతన ఉండదు. కాబట్టి డబ్బా మీద ఆ అక్షరాలు చూడనిదే డబ్బు కట్టకండి.

ఇప్పటికే ట్యాంక్‌లో ఏదో ఉంది, అదేమిటో తెలియదు అనుకోండి. ముందు లాగ్‌బుక్, ట్యాంక్‌కు కట్టిన ట్యాగ్, పాత బిల్లులు చూడండి. అవేవీ లేకపోతే శాంపిల్ ల్యాబ్‌కు పంపండి. లిఫ్ట్ కాసేపు నడిచి ఆయిల్ కలిసిన తర్వాత, ట్యాంక్ అడుగు నుంచి కాకుండా మధ్య లోతు నుంచి, శుభ్రమైన పొడి సీసాలోకి తీయాలి. ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష చేయమని అడగండి. మినరల్ ఆయిల్‌లో ఎస్టర్ బంధం ఉండదు, మొక్కల నూనెలో ఉంటుంది. ఆ గ్రాఫ్‌లో 1740 (సెంటీమీటరుకు తరంగాల సంఖ్య) దగ్గర గట్టి గీత కనిపిస్తే విషయం తేలిపోయినట్టే. రెండూ కలిసిపోయి ఉన్నా ల్యాబ్ చెప్పగలదు.

2. ఎందుకు మారుస్తున్నారో ఒక కాగితం మీద రాయండి

వినడానికి చిన్న పనే, కానీ సగం తప్పుడు నిర్ణయాలు ఇక్కడే ఆగిపోతాయి. లిఫ్టుల్లో వెజిటబుల్ ఆయిల్ వాడటానికి అసలైన కారణం భూమిలోకి దించిన సిలిండర్లు. పాత పద్ధతి హైడ్రాలిక్ లిఫ్టులకు జాక్ సిలిండర్ పిట్ (షాఫ్ట్ అడుగున ఉండే గుంత) కింద బోరు తీసి పాతి ఉంటుంది. ఉక్కు సిలిండర్ ఏళ్ల తరబడి మట్టిలో తుప్పు పట్టి చిల్లు పడితే, ఆయిల్ ఎవరికీ కనిపించకుండా నేలలోకి, అక్కడి నుంచి భూగర్భ జలాల్లోకి పోతుంది. అలాంటి చోట త్వరగా విచ్ఛిన్నమయ్యే ఆయిల్ ఉండటం నిజంగా మేలు. అమెరికాలో స్టాట్యూ ఆఫ్ లిబర్టీ లిఫ్ట్‌లో సోయా నూనె ఆధారిత హైడ్రాలిక్ ఆయిల్ వాడారు. దాన్ని అక్కడి వ్యవసాయ శాఖ పరిశోధకులు పియోరియాలోని తమ ల్యాబ్‌లో ప్రత్యేకంగా తయారుచేశారు. చుట్టూ నీళ్లున్న దీవి మీద అలాంటి ఎంపికకు అర్థముంది.

మీ జాక్ పూర్తిగా నేలపైనే ఉంటే పరిస్థితి వేరు. కారిన ప్రతి చుక్కా పిట్‌లోనే పడుతుంది, కళ్లకు కనిపిస్తుంది. అప్పుడు ఆయిల్ మార్చడం కంటే కారుతున్న ప్యాకింగ్ (జాక్ తల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీల్) మార్చడం మేలు.

ఇంకొక ముఖ్యమైన మాట. పాతిన సిలిండర్ తుప్పు పట్టిందని అనుమానం ఉంటే, వెజిటబుల్ ఆయిల్ దానికి మందు కాదు. సిలిండర్ అడుగు ఒక్కసారిగా ఊడితే క్యాబిన్ పడిపోతుంది, అందులో ఏ ఆయిల్ ఉందన్నది అప్పుడు లెక్కలోకి రాదు. ట్యాంక్‌లో పోసిన ప్రతి లీటరూ, పిట్ నుంచి తుడిచి తీసిన ప్రతి లీటరూ రాసిపెట్టండి. పోసినదానికీ తీసినదానికీ లెక్క కుదరకపోతే లిఫ్ట్ ఆపి, సిలిండర్ పరీక్ష చేయించండి. ఆయిల్ గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

కారణం సరైనదే అని తేలితే లిఫ్ట్ తయారీదారు నుంచి, వాల్వ్ తయారీదారు నుంచి, ఫలానా ఆయిల్ వాడవచ్చని రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో "ఏం పర్లేదండి" అన్న మాట రేపు వారంటీ దగ్గర నిలబడదు. లిఫ్ట్ తనిఖీ అధికారులకు తెలియజేయాల్సిన నియమం ఉందేమో కూడా కనుక్కోండి.

3. ఈ ఆయిల్ ఎలా పాడవుతుందో ఒకసారి అర్థం చేసుకోండి

ఈ కొంచెం రసాయనశాస్త్రం తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మొక్కల నూనె అణువులో ఒక గ్లిసరాల్ భాగం, దానికి మూడు ఫ్యాటీ యాసిడ్ గొలుసులు ఉంటాయి. ఆ గొలుసుల్లో అక్కడక్కడా జంట బంధాలు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ దాడి చేసేది వాటి పక్కనే. ఓలిక్ యాసిడ్‌లో ఒక జంట బంధం ఉంటుంది, లినోలిక్‌లో రెండు, లినోలెనిక్‌లో మూడు. ఒకటి నుంచి రెండుకు వెళ్లేసరికి ఆక్సీకరణ వేగం పదింతలకు అటూ ఇటూగా పెరుగుతుంది, మూడుకు వెళ్తే ఇంకా ఎక్కువ. సోయా నూనెలో సగానికి పైగా లినోలిక్కే. అదే హై ఓలిక్ రకం పొద్దుతిరుగుడు నూనెలో 80 శాతం దాకా ఓలిక్ ఉంటుంది. కాబట్టి హెచ్ఈటీజీ కొనేటప్పుడు "బేస్ ఆయిల్ హై ఓలిక్ రకమేనా?" అని అడగండి. సమాధానం చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

ఆక్సీకరణ జరిగితే ముందు పెరాక్సైడ్‌లు పుడతాయి, ఆ తర్వాత ఆమ్లాలు వస్తాయి. చివరికి అణువులు ఒకదానికొకటి అతుక్కుని జిగురుగా, తర్వాత గట్టి పొరగా మారతాయి. అవిసె నూనెతో పెయింట్ చేసేది ఈ గుణం వల్లే, అది ఆరి పొర కడుతుంది కాబట్టి. నూనె సీసా మూత చుట్టూ గోరుతో గీకినా రాని పసుపు జిగురు పేరుకుంటుంది చూడండి, లిఫ్ట్ వాల్వ్ లోపల పేరుకునేదీ అదే.

ఇక నీరు. నీరు చేరితే ఎస్టర్ బంధం తెగి ఫ్యాటీ యాసిడ్‌లు విడిపోతాయి. ఆయిల్ ఆమ్లత్వం పెరుగుతుంది, రాగి, ఇత్తడి, జింక్ భాగాలను తినడం మొదలుపెడుతుంది. పుట్టిన ఆమ్లాలు మళ్లీ అదే చర్యను వేగం చేస్తాయి కాబట్టి, ఒక దశ దాటాక పాడవడం చాలా త్వరగా జరిగిపోతుంది.

4. వేడి కొలవండి

పైకి వెళ్లేటప్పుడు పంప్ ఆయిల్‌ను జాక్‌లోకి తోస్తుంది. కిందికి వచ్చేటప్పుడు వాల్వ్ తెరుచుకుంటే చాలు, క్యాబిన్ బరువుకే ఆయిల్ ట్యాంక్‌లోకి తిరిగొస్తుంది. అలా దిగేటప్పుడు క్యాబిన్‌లో దాగి ఉన్న శక్తి దాదాపు మొత్తం ఆయిల్‌లో వేడిగా మారుతుంది. లెక్క వేసి చూద్దాం. క్యాబిన్, మనుషులు కలిపి 1500 కిలోలు, 9 మీటర్లు దిగింది, ట్యాంక్‌లో 200 లీటర్ల ఆయిల్ ఉంది అనుకోండి. ఒక్కసారి దిగితే ఆయిల్ సుమారు మూడో వంతు డిగ్రీ వేడెక్కుతుంది. గంటలో 30 సార్లు దిగితే 10 డిగ్రీలు. మధ్యలో కొంత చల్లబడుతుంది, నిజమే. కానీ పైకి వెళ్లేటప్పుడు పంప్, మోటార్ ఇచ్చే వేడి దీనికి అదనం, చాలా లిఫ్టుల్లో మోటార్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కదా.

అందుకని ట్యాంక్‌లో ఒక థర్మామీటర్ పెట్టి, రద్దీ ఎక్కువుండే వారం మొత్తం గరిష్ఠ ఉష్ణోగ్రత రాసుకోండి. ఏడాదిలో బాగా వేడిగా ఉండే కాలంలో ఇంకోసారి కొలవండి. గరిష్ఠం 50 డిగ్రీల లోపే ఉంటే హెచ్ఈటీజీ గురించి ఆలోచించవచ్చు. రోజూ 60 దాకా వెళ్తుంటే ఆయిల్ కూలర్ పెట్టండి, లేదంటే జంట బంధాలు లేని సాచురేటెడ్ రకం హెచ్ఈఈఎస్‌కు వెళ్లండి. ప్రతి 10 డిగ్రీలకూ ఆక్సీకరణ వేగం సుమారుగా రెట్టింపు అవుతుందన్నది అందరూ వాడే లెక్క. 40 దగ్గర నాలుగేళ్లు బతికే ఆయిల్ 60 దగ్గర ఒక్క ఏడాదే బతుకుతుందన్నమాట.

మెషిన్ రూమ్‌లో గాలి ఆడుతోందా అన్నది కూడా చూడండి. ట్యాంక్ చుట్టూ అట్టపెట్టెలు పేర్చి ఉంటే ముందు అవి తీయించండి. ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు తగ్గుతాయి.

5. తేమ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టండి

దీని గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే లిఫ్ట్ ట్యాంక్ మిగతా యంత్రాల ట్యాంకుల్లాంటిది కాదు. జాక్‌లోకి ఆయిల్ వెళ్లినంత మేర ట్యాంక్ ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలోకి బయటి గాలి వస్తుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న ప్లంజర్ (సిలిండర్‌లో పైకీ కిందికీ కదిలే ఉక్కు కడ్డీ) 9 మీటర్లు లేచిందంటే సుమారు 70 లీటర్ల ఆయిల్ ట్యాంక్ వదిలి వెళ్లినట్టు, 70 లీటర్ల గాలి లోపలికి వచ్చినట్టు. అలాంటి ట్రిప్పులు రోజుకు వంద ఉంటే 7 ఘనపు మీటర్ల గాలి లోపలికీ బయటికీ తిరుగుతుంది. అందులోని తేమ, దుమ్ము, ఆక్సిజన్ అన్నీ ఆయిల్‌ను తాకుతాయి.

ట్యాంక్‌లోకి గాలి వచ్చిపోయే దారిలో తేమ పీల్చే బ్రీదర్ పెట్టాలంటే ఈ గాలి లెక్క చెప్పి దానికి తగిన సైజు అడగండి. చిన్నది పెడితే లోపలి గింజలు త్వరగా రంగు మారి పనికిరాకుండా పోతాయి, అది ఎవరూ గమనించరు. ట్యాంక్ మూతకు రబ్బరు గాస్కెట్ ఉందా, కేబుళ్లు వెళ్లే రంధ్రాలు మూసి ఉన్నాయా చూడండి. మూత సందులోంచి గాలి పోతుంటే ఎంత మంచి బ్రీదర్ పెట్టినా వృథా.

పిట్‌లో నీళ్లు నిలుస్తుంటే అది ఇంకో దారి. కారిన ఆయిల్‌ను మళ్లీ ట్యాంక్‌కు పంపే చిన్న పంప్ కొన్ని లిఫ్టుల్లో ఉంటుంది. పిట్‌లో నీళ్లుంటే అది నీళ్లను కూడా తీసుకెళ్లి ట్యాంక్‌లో పోస్తుంది. వెజిటబుల్ ఆయిల్ వాడేటప్పుడు ఆ పంప్‌ను ట్యాంక్‌కు కలపకండి, విడిగా ఒక డబ్బాలోకి వదలండి.

హద్దు ఎంత అంటే, ఆయిల్‌లో నీరు 0.1 శాతం దాటకూడదు. 200 లీటర్లకు అది 200 మిల్లీలీటర్లు, ఒక గ్లాసుడు. మినరల్ ఆయిల్‌లో అంత నీరు చేరితే మసకబారి మనకు తెలిసిపోతుంది. ఎస్టర్ మాత్రం ఎక్కువ నీటిని తనలో కరిగించుకుంటుంది కాబట్టి తేటగా కనిపిస్తూనే లోపల పాడవుతుంటుంది. కంటితో చూసి బాగుందని నమ్మకండి, ల్యాబ్‌లో నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్ష చేయించండి.

6. సీళ్లు, పైపులు, పెయింట్, లోహాలు సరిచూడండి

జాక్ ప్యాకింగ్ ఏ పదార్థంతో చేశారో కనుక్కోండి. నైట్రైల్ రబ్బరు మామూలు వేడిలో పర్వాలేదు, ఫ్లోరో రబ్బరు ఇంకా బాగా తట్టుకుంటుంది. పాలీయురెథేన్ అయితే రకాన్ని బట్టి ఉంటుంది. నీరు చేరి ఆమ్లం పెరిగిన ఆయిల్‌లో కొన్ని రకాలు పెళుసుబారి ముక్కలవుతాయి. ఈపీడీఎం రబ్బరు ఎక్కడ ఉన్నా తీసేయాలి, ఉబ్బిపోతుంది. ఏళ్ల తరబడి మినరల్ ఆయిల్‌లో నానిన పాత సీళ్లను అలాగే ఉంచి ఆయిల్ మాత్రం మార్చితే కారడం మొదలయ్యే అవకాశం ఎక్కువ. మార్చే రోజే కొత్త ప్యాకింగ్ వేయడం తెలివైన పని.

ట్యాంక్ లోపల మామూలు పెయింట్ వేసి ఉంటే మెత్తబడి పొరలుగా లేచి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. జింక్ పూత ఉన్న పైపులు, ఫిట్టింగులు ఉంటే మార్చేయండి. ఫ్యాటీ యాసిడ్‌లు జింక్‌తో కలిస్తే సబ్బు లాంటి మడ్డి తయారై సన్నటి జాలీలను మూసేస్తుంది. వాల్వ్ బ్లాక్‌లో పైలట్ ఆయిల్ (వాల్వ్‌ను కదిలించే కొద్దిపాటి ఆయిల్) వెళ్లే రంధ్రాలు చాలా సన్నవి, అక్కడ కొంచెం మడ్డి చాలు, లిఫ్ట్ ఫ్లోర్‌కు సరిగ్గా ఆగడం మానేస్తుంది.

చలి ప్రదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. మొక్కల నూనె సున్నా కిందికి పోతే గడ్డకట్టే వైపు వెళ్తుంది, ఎక్కువ రోజులు చలిలో కదలకుండా ఉంటే డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత కంటే ముందే చిక్కబడుతుంది. ట్యాంక్ హీటర్ పెడితే పెద్ద ఉపరితలంతో మెల్లగా వేడిచేసే రకమే పెట్టండి. చిన్న కాయిల్ ఎర్రగా కాలితే దాని చుట్టూ ఆయిల్ మాడుతుంది. ఒక మేలు కూడా ఉంది. ఉష్ణోగ్రత మారినా ఈ ఆయిల్ చిక్కదనం మినరల్ ఆయిల్ అంతగా మారదు. అందుకే గడ్డకట్టే చలి లేని చోట, పొద్దున మొదటి ట్రిప్పుకూ మధ్యాహ్నం ట్రిప్పుకూ లెవెలింగ్‌లో (ఫ్లోర్‌కు సరిగ్గా ఆగడంలో) తేడా తక్కువ ఉంటుంది.

7. మార్చేటప్పుడు సిలిండర్‌లో మిగిలే ఆయిల్‌ను మర్చిపోకండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. క్యాబిన్‌ను కింద బఫర్ల మీద పూర్తిగా దించి, మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, ట్యాంక్ ఖాళీ చేసి, కొత్త ఆయిల్ పోస్తారు. పని అయిపోయిందనుకుంటారు. కానీ ప్లంజర్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఉన్న సందులోని ఆయిల్ ఎప్పటికీ ట్యాంక్‌కు రాదు. ప్లంజర్ 100 మిల్లీమీటర్లు, సిలిండర్ లోపలి వ్యాసం 130, పొడవు తొమ్మిదిన్నర మీటర్లు అయితే ఆ సందులో సుమారు 50 లీటర్లు నిలిచి ఉంటుంది. ట్యాంక్‌లో 200 లీటర్లు పోస్తే మొత్తంలో 20 శాతం పాత మినరల్ ఆయిలే.

మార్పిడిలో మినరల్ ఆయిల్ శేషం 2 శాతం లోపు ఉండాలన్నది గుర్తింపు పొందిన హద్దు. అంతకు మించితే పర్యావరణ ప్రయోజనం పోవడమే కాదు, పాత ఆయిల్‌లోని జింక్ అడిటివ్‌లు కొత్త ఆయిల్‌లోని ఆమ్లాలతో కలిసి మడ్డి కడతాయి, నురగ కూడా వస్తుంది. లెక్క ప్రకారం ఒకసారి నింపితే 20 శాతం, ఖాళీ చేసి రెండోసారి నింపితే 4 శాతం, మూడోసారికి 1 శాతం లోపు. అది కూడా సందులోని ఆయిల్ పూర్తిగా కలిసిపోతుందనుకుంటేనే. నిజానికి సిలిండర్ అడుగున ఉన్నది సరిగ్గా కలవదు.

కాబట్టి ప్యాకింగ్ మార్చడానికి జాక్ తల విప్పినప్పుడే, సన్నటి గొట్టం అడుగుదాకా దించి పాత ఆయిల్ పీల్చి తీయించండి. ఈ పని జరిగేంతసేపూ క్యాబిన్ బరువు గట్టి ఉక్కు ఆధారాల మీదే ఉండాలి, ఆయిల్ ప్రెజర్ మీద గానీ, వాల్వ్ మీద గానీ ఆధారపడి ఎవరూ పిట్‌లోకి దిగకూడదు. ట్యాంక్ అడుగును చేత్తో తుడిచి శుభ్రం చేయించండి. అక్కడ పీచు రాలే గుడ్డ వాడకూడదు. పైపులు, మఫ్లర్, కూలర్ ఉంటే అది కూడా ఖాళీ చేయాలి. కొత్త ఫిల్టర్ వేసి, కొత్త ఆయిల్ పోసి, పై నుంచి కిందిదాకా చాలాసార్లు నడిపి, గాలి తీసి, వేడిగా ఉండగానే ఖాళీ చేసి మళ్లీ నింపండి. తర్వాత శాంపిల్ పంపి, శేషం 2 శాతం లోపు ఉందని కాగితం వచ్చాకే పని పూర్తయినట్టు సంతకం పెట్టండి. లెవెలింగ్, దిగే వేగం, పైపు పగిలితే ఆపే రప్చర్ వాల్వ్, ఓవర్‌లోడ్, ఇవన్నీ కొత్త ఆయిల్‌తో మళ్లీ పరీక్షించాలి.

ట్యాంక్ మీద పెద్ద అక్షరాలతో ఒక ట్యాగ్ కట్టండి: ఆయిల్ పేరు, రకం, గ్రేడ్, పోసిన తేదీ, "వేరే ఆయిల్ కలపరాదు" అని. ఒక అర్ధరాత్రి బ్రేక్‌డౌన్‌కు వచ్చిన కొత్త టెక్నీషియన్ వ్యాన్‌లో ఉన్న మినరల్ ఆయిల్ పోసేయకుండా ఆపేది ఆ ట్యాగ్ ఒక్కటే.

8. తర్వాత ఏం గమనించాలి

మొదటి ఏడాది మూడు నెలలకోసారి శాంపిల్ పంపండి. అన్నీ నిలకడగా ఉంటే ఆ తర్వాత ఆరు నెలలకోసారి చాలు. చూడాల్సినవి యాసిడ్ నంబర్ (ఆయిల్‌లో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె), చిక్కదనం, నీరు. కొత్త ఆయిల్ పోసిన రోజే ఒక శాంపిల్ పంపి విలువలు దాచుకోండి, లేకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు. యాసిడ్ నంబర్ కొత్త ఆయిల్ విలువ కంటే 2 పెరిగితే ఆయిల్ ఆయుష్షు అయిపోయినట్టు లెక్క. నేనైతే 1 పెరిగినప్పుడే మార్చడానికి ఏర్పాట్లు మొదలుపెట్టమంటాను, ఎందుకంటే చివరి దశలో పెరుగుదల మెల్లగా ఉండదు. చిక్కదనం పెరుగుతోందంటే అణువులు అతుక్కుంటున్నాయని అర్థం.

ల్యాబ్ కంటే ముందే ప్లంజర్ చెప్తుంది. క్యాబిన్‌ను పై అంతస్తులో నిలిపి, టెక్నీషియన్ నియమం ప్రకారం పిట్‌లోకి దిగినప్పుడు, మెరిసే ఉక్కు మీద తెల్ల గుడ్డతో ఒకసారి తుడిచి చూడమనండి. మంచి ఆయిల్ అయితే గుడ్డ జారిపోతుంది, లేత పసుపు తడి అంటుతుంది. పాడవుతున్న ఆయిల్ అయితే గుడ్డ పట్టుకుంటుంది, వేలికి చిక్కగా తీగలా సాగుతుంది, గోధుమ రంగు మరకలు కనిపిస్తాయి. ప్లంజర్ మీద ఉండేది వెంట్రుకంత మందం కూడా లేని పొర. దానికి గాలి అన్ని వైపులా తగులుతుంది కాబట్టి ట్యాంక్‌లోని ఆయిల్ కంటే ముందే అది ఆరి జిగురవుతుంది. వారాంతమంతా లిఫ్ట్ పై అంతస్తులో నిలిచి ఉంటే, తర్వాత మొదటిసారి దిగేటప్పుడు ఆ జిగురు ప్యాకింగ్‌ను గీరుకుంటూ వెళ్తుంది, క్యాబిన్ చిన్న చిన్న కుదుపులతో వణుకుతుంది. అందుకే వాడకం లేని వేళల్లో లిఫ్ట్ తనంతట తానే కింది అంతస్తుకు వచ్చేలా కంట్రోలర్‌లో పెట్టించండి. అప్పుడు ప్లంజర్ సిలిండర్ లోపలే ఉంటుంది.

వీటితో పాటు ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. ఫ్లోర్ దగ్గర ఆగాక లిఫ్ట్ పదేపదే సర్దుకోవడం, దిగడం మొదలవ్వడానికి ముందుకంటే ఎక్కువసేపు పట్టడం, ఫిల్టర్ త్వరగా మూసుకుపోవడం, షాఫ్ట్‌లో చెడిపోయిన నూనె వాసన. ఇవి కనిపిస్తే వాల్వ్ స్క్రూలు తిప్పి సర్దేయకండి. స్క్రూ తిప్పితే ఆ రోజుకు గడుస్తుంది, జిగురు మాత్రం లోపలే ఉంటుంది.

9. ఆయిల్ పాడైపోయింది, ఇప్పుడెలా?

పాడైన ఆయిల్‌లో కొత్త ఆయిల్ కలిపి గట్టెక్కుదామని చూడకండి. పాతదానిలోని పెరాక్సైడ్‌లు, ఆమ్లాలు కొత్తదాన్ని కూడా త్వరగా చెడగొడతాయి, దానిలోని యాంటీ ఆక్సిడెంట్‌ను కొద్ది రోజుల్లోనే తినేస్తాయి. మొత్తం తీసేయాలి, సందులోని ఆ 50 లీటర్లతో సహా. వాల్వ్ బ్లాక్ విప్పి భాగాలు శుభ్రం చేయాలి, ఓ రింగులు మార్చాలి, ప్యాకింగ్ మార్చాలి. గట్టిపడిన పొరను గీకితే వాల్వ్ సీటు దెబ్బతింటుంది. దానికి తగిన క్లీనింగ్ ఫ్లూయిడ్ ఏదో ఆయిల్ తయారీదారునే అడగండి.

తర్వాత ఏం పోయాలన్నది 4, 5 దశల్లో కొలిచిన అంకెలే చెప్తాయి. వేడి, తేమ తగ్గించగలిగితే హై ఓలిక్ హెచ్ఈటీజీ మళ్లీ పోయవచ్చు. తగ్గించలేని పరిస్థితి, కానీ నేలలోకి కారే భయం ఉందంటే సాచురేటెడ్ హెచ్ఈఈఎస్. ధర ఎక్కువే, అయినా రెండుసార్లు వాల్వ్ విప్పించే ఖర్చుతో పోల్చి చూసుకోండి. నేలలోకి కారే భయమే లేకపోతే మినరల్ ఆయిల్‌కు తిరిగి వెళ్లడంలో తప్పేమీ లేదు. అప్పుడు కూడా శుభ్రం చేసే పద్ధతి అంతా పైన చెప్పినట్టే.

తీసిన ఆయిల్‌ను డ్రైనేజీలో పోయకండి. మొక్కల నూనె విచ్ఛిన్నమయ్యేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, పైగా వాడిన ఆయిల్‌లో లోహపు పొడి, అడిటివ్‌లు ఉంటాయి. వాడిన ఆయిల్ సేకరించే లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇచ్చి రసీదు తీసుకోండి. మినరల్ ఆయిల్ డ్రమ్ములో కలపకుండా వేరుగా ఇవ్వండి.

చివరగా, తుడిచిన గుడ్డల సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు. వెజిటబుల్ ఆయిల్ పీల్చుకున్న గుడ్డలను ముద్దగా మూలన పడేస్తే, గాలితో ఆక్సీకరణ జరిగి లోపల వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక గంటల తర్వాత తనంతట తానే మంట అంటుకోవచ్చు. మినరల్ ఆయిల్ గుడ్డలతో ఈ భయం అంతగా ఉండదు కాబట్టి అలవాటైన టెక్నీషియన్లు కూడా ఇక్కడ ఏమరుపాటుగా ఉంటారు. పని అయిన వెంటనే ఆ గుడ్డలను మూత బిగుతుగా పట్టే ఇనుప డబ్బాలో వేసి, నీళ్లు పోసి తడిపి, అదే రోజు మెషిన్ రూమ్ నుంచి బయటికి పంపించండి. డబ్బా లేకపోతే ఆరుబయట మండే వస్తువులకు దూరంగా, ఒక్కొక్కటీ విడదీసి పరిచి ఆరనివ్వండి.